లీకు భూమిలో... లెక్క ఆఫీసులో!

అమెరికాలో గ్యాస్ స్టేషన్ అంటే మరేం కాదు, మన పెట్రోలు బంకే. అక్కడివాళ్లు పెట్రోలును గ్యాసంటారు. రోడ్డు మీది నుంచి చూస్తే నాలుగైదు పంపులు, వెనకాల చిప్సూ కూల్‌డ్రింకులూ అమ్మే దుకాణం కనిపిస్తాయి. అసలు సరుకంతా నేల కిందే. అక్కడ రెండో మూడో పెద్ద ట్యాంకులుంటాయి. ఒక్కోదాంట్లో పదివేల గాలన్లు, అంటే దాదాపు 38 వేల లీటర్ల పెట్రోలు పడుతుంది. ఆ ట్యాంకుకో, దాన్నుంచి పంపు దాకా వచ్చే గొట్టానికో సూదిమొనంత చిల్లు పడిందనుకోండి. పైన గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచినా తెలియదు. తెలిసిన రోజున మాత్రం రెండు ప్రశ్నలు కట్టగట్టుకుని వస్తాయి. నేలను బాగు చేయించేదెవరు? ఆ డబ్బు పెట్టుకునేదెవరు?

మొదటి ప్రశ్నకు చట్టం ఎప్పుడో జవాబు చెప్పింది. ట్యాంకు ఎవరిదో, దాన్ని నడుపుతున్నదెవరో వాళ్లే. రెండో ప్రశ్న దగ్గరే చిక్కు. దాదాపు నలభై ఏళ్లుగా అమెరికాలోని రాష్ట్రాల ఆఫీసుల్లో, బీమా కంపెనీల్లో, కోర్టుల్లో దాని మీద వాదనలు నడుస్తూనే ఉన్నాయి.

ఇదంతా ఎక్కడో పరాయి గొడవ అనుకోవడానికి లేదు. అమెరికాలో బంకులూ, వాటి పక్కనుండే దుకాణాలూ నడిపేవాళ్లలో భారతీయులు బాగా ఎక్కువ. గుజరాతీలు ముందు నుంచీ ఉన్నారు. ఆ దారిలోనే తెలుగువాళ్లూ దిగారు. ఉద్యోగంలో కూడబెట్టింది కొంత, బంధువుల దగ్గర సర్దుకున్నది కొంత, బ్యాంకు అప్పు మరికొంత. ఇద్దరు ముగ్గురు భాగస్వాములు కలిస్తే ఒక బంకు. అలా కొన్న బంకుతో పాటు, నేల కింద అంతకుముందు జరిగినదాని బరువు కూడా వస్తుందని కొన్నాకే తెలుస్తుంది చాలామందికి.

తుప్పు పట్టిన చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో కార్లు పెరిగాయి. కార్లతో పాటే వీధి మలుపుకో బంకు వెలిసింది. అప్పట్లో పాతిపెట్టినవన్నీ మామూలు ఉక్కు ట్యాంకులు. తుప్పు పట్టకుండా పైన రక్షణ ఏదీ ఉండేది కాదు. ఇరవై ముప్ఫై ఏళ్లు తడినేలలో నానిన ఉక్కు ఏమవుతుందో చెప్పడానికి ఇంజినీరే రానక్కర్లేదు. 1983లో సీబీఎస్ టీవీ ‘సిక్స్‌టీ మినిట్స్’ కార్యక్రమం ఈ లీకుల గురించి చూపించింది. ఇళ్ల బావుల్లోకి పెట్రోలు చేరుతోందని తెలిసి దేశం ఉలిక్కిపడింది. మరుసటి ఏడాది, 1984లో, భూగర్భ ట్యాంకుల మీద అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. అప్పటికి దేశంలో అలాంటివి 20 లక్షలకు పైగా ఉన్నాయి.

పర్యావరణ పరిరక్షణ సంస్థ, అంటే ఈపీఏ, 1988లో నిబంధనలు తెచ్చింది. పాత ట్యాంకులన్నిటినీ 1998 డిసెంబరు 22లోగా బాగు చేయించాలి, లేదా మార్చాలి, అదీ కాకపోతే మూసేయాలి. ఇదొక ఎత్తు. చిన్న యజమానుల గుండెల్లో రాయి పడింది మరో నిబంధనతో. లీకైతే శుభ్రం చేయించడానికీ, నష్టపోయినవాళ్లకు పరిహారం ఇవ్వడానికీ పది లక్షల డాలర్ల స్తోమత ఉందని ప్రతి బంకు యజమానీ ముందే రుజువు చూపించాలన్నారు.

గాలనుకు నాలుగు సెంట్లో అయిదు సెంట్లో మిగుల్చుకునేవాడి దగ్గర పది లక్షల డాలర్లు ఎక్కడుంటాయి? బీమా కంపెనీలేమో ఆ రోజుల్లో ఇటువైపు తొంగి చూడ్డానికే భయపడ్డాయి. ఎప్పుడు కారుతుందో, ఎంత కారుతుందో తెలియని వస్తువుకు ప్రీమియం ఎంతని కడతాయి? అప్పుడు రాష్ట్రాలే ముందుకొచ్చాయి. అమ్మే ప్రతి గాలను మీదా ఒక సెంటో, కాస్త అటూ ఇటూగానో రుసుము వసూలు చేసి నిధి ఏర్పాటు చేశాయి. లీకైతే యజమాని ముందుగా కొంత తన చేతి నుంచి పెట్టుకోవాలి. మిగతాది నిధి తిరిగి చెల్లిస్తుంది. వినడానికి ఎంత బాగుందో!

బావిలో అయిదు పాళ్లు

డబ్బు లెక్కలోకి వెళ్లే ముందు ఆ ఖర్చు ఎందుకవుతుందో చూడాలి. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. క్యాన్సర్ కారకం. తాగే నీటిలో వంద కోట్ల పాళ్లకు అయిదు పాళ్లు మించకూడదని అమెరికా ప్రమాణం. ఆ లెక్కన కొద్దిపాటి పెట్రోలు చాలు, బోలెడంత నీటిని పాడుచేయడానికి. కారిన పెట్రోలు మట్టిలోకి ఇంకుతుంది. భూగర్భ జలాన్ని తాకి దాని మీద పొరలా తేలుతుంది. అందులో కొంత నీళ్లలో కరిగి, నీరెటు పారితే అటు వెళుతుంది. దానికి సరిహద్దు గోడలతో పనిలేదు. బంకు ఒకరిదైతే బోరు పక్కింటివాళ్లది.

కాలిఫోర్నియాలోని శాంతామోనికా నగరం 1996లో తన మంచినీటి బావుల్ని మూసేయాల్సి వచ్చింది. ఎమ్‌టీబీఈ అనే రసాయనమే కారణం. పెట్రోలు బాగా మండాలని కలిపేవారు దాన్ని. నీటిలో ఇట్టే కరిగిపోతుంది, త్వరగా పోదు. ఆ దెబ్బకు నగరం తన నీటి సరఫరాలో సగం దాకా కోల్పోయింది.

శుభ్రం చేయడమంటే చీపురుతో ఊడ్చడం కాదు మరి. కాస్త మట్టి తవ్విపోస్తే సరిపోయే చోట పదివేల డాలర్లతో గండం గడుస్తుంది. పెట్రోలు భూగర్భ జలాన్ని తాకిందా, లక్ష డాలర్ల నుంచి పది లక్షలు, ఆపైన కూడా అవుతుంది. చుట్టూ పరిశీలన బోర్లు వేయాలి. మూణ్నెల్లకోసారి నీళ్లు తీసి ల్యాబుకు పంపాలి. నేలలోంచి ఆవిర్లను లాగే యంత్రాలు, నీటిలోకి గాలి కొట్టే పంపులు పెట్టాలి. ఇవి ఏళ్ల తరబడి నడవాలి. అన్నేళ్లూ బిల్లులు వస్తూనే ఉంటాయి.

ఎప్పుడు కారింది?

ఒక తెలుగు జంట బంకు కొన్నారనుకుందాం. పగలు ఆయన, సాయంత్రాలు ఆమె. ఆదివారమైనా, పండగైనా షట్టర్ దించింది లేదు. కొని నాలుగేళ్లయ్యాక పాత గొట్టం మార్చబోతే మట్టి పెట్రోలు కంపు కొట్టింది. కన్సల్టెంటును పిలిచారు. లీకైందన్నాడు. నిధికి క్లెయిము పెట్టారు. అక్కణ్నుంచి వచ్చిన మొదటి కొర్రీ ఇది: ‘ఈ లీకు ఎప్పటిది?’

నిధి ఇవ్వాలా వద్దా అన్నది ఈ తేదీ మీదే ఆధారపడి ఉంటుంది. పెన్సిల్వేనియాలో 1994 ఫిబ్రవరి 1 తర్వాత జరిగిన లీకులకే నిధి వర్తిస్తుంది. అంతకుముందటి కాలుష్యం, తర్వాతిది కలగలిసి ఉంటే, ఏ పాళ్లు ఏ కాలానివో లెక్కగట్టి ఆ మేరకే ఇస్తారు. టెక్సస్‌లో మరో రకం. 1998 డిసెంబరు 22 నాటికి ప్రభుత్వానికి తెలియజేసిన లీకులకే అక్కడి నిధి డబ్బిచ్చేది. ఆ తర్వాత బయటపడ్డవి యజమాని తలనొప్పి, లేదంటే అతని బీమా కంపెనీది. ఆ పాత క్లెయిములకు తిరిగి చెల్లించే పథకం కూడా 2012తో ముగిసిపోయింది. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఇవాళ బంకు కొనే తెలుగువాళ్లకు రాష్ట్ర నిధి అనేది వినికిడి మాటే.

మరి మట్టి తన వయసు చెబుతుందా? కొంతవరకు చెప్పిస్తారు. కారిన పెట్రోలులో సీసం కనిపిస్తే పాతకాలపుదని అర్థం. రోడ్డు మీద తిరిగే వాహనాల పెట్రోలులో సీసాన్ని అమెరికా 1996 మొదటి నుంచీ పూర్తిగా నిషేధించింది. అంతకు చాలా ముందే వాడకం బాగా పడిపోయింది. ఎమ్‌టీబీఈ కనిపిస్తే 1979 తర్వాతిదని అర్థం, ఎందుకంటే అప్పుడే దాన్ని కలపడం మొదలైంది. 2006 నాటికి దాదాపుగా ఆపేశారు. ఇలా ముందు వెనకలు తేల్చవచ్చు గానీ, ఫలానా నెలలో ఫలానా యజమాని హయాంలో అని నేల ఎప్పుడూ చెప్పదు. పాతదాని మీదే కొత్తది కారి ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు. నిధి తరఫు నిపుణుడు ఒకటంటాడు, యజమాని పెట్టుకున్న నిపుణుడు ఇంకొకటంటాడు. ఇద్దరి ఫీజులూ పెరుగుతుంటాయి.

అందుకే చివరికి కాగితాలే సాక్ష్యం. ట్యాంకు ఎప్పుడు పరీక్షించారు? నెలనెలా లీకు తనిఖీ లెక్కలున్నాయా? పాత యజమాని రుసుము కట్టాడా? రిజిస్ట్రేషన్ మధ్యలో ఏమైనా తప్పిందా? తేడా కనిపించగానే ఇరవై నాలుగు గంటల్లో అధికారులకు చెప్పారా? పెన్సిల్వేనియాలో అయితే లీకు రూఢి అయిన అరవై రోజుల్లోగా నిధికీ కబురందాలి. బంకు నడిపే మనిషికి ఇవన్నీ ఎవరు చెబుతారు? ‘కంపు వస్తోంది, వచ్చేవారం చూద్దాం’ అనుకుంటాడు. ఆ వచ్చేవారమే ఫైలులో తప్పుగా నమోదవుతుంది.

కోతల పద్దు

క్లెయిము ఒప్పుకున్నారనుకోండి, కథ కంచికి చేరినట్టు కాదు. నిధుల నిబంధనల్లో ఒక మాట ఉంటుంది. ఖర్చు ‘సమంజసమూ, అవసరమూ’ అయి ఉండాలి. గొడవల్లో అత్యధికం ఈ రెండు మాటల చుట్టూనే. బోరు అడుగుకు ఇంత చాలు కదా, అంతెందుకు వేశారు? నాలుగు బోర్లు సరిపోయే చోట ఆరెందుకు? ఇంజినీరు చేసిన పనికి అన్ని గంటలా? ముందుగా అనుమతి తీసుకోకుండా మట్టి ఎందుకు తవ్వారు? ఇలా ఒక్కో పద్దు పక్కనా కోత పడుతుంది.

కోత పడిన డబ్బును కన్సల్టెంటు వదులుకుంటాడా? చాలా ఒప్పందాల్లో అది యజమాని నెత్తినే పడుతుంది. వర్షంలో మురుగుకాలవలోకి పెట్రోలు కారుతుంటే అనుమతి కాగితం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా అని అతని వాదన. ఖర్చయ్యాక బిల్లు పట్టుకొస్తే ప్రజల డబ్బు ఎలా ఇచ్చేస్తామని ఆఫీసు వాదన.

ఇక్కడ ఆఫీసు వైపు కూడా కాస్త చూడాలి. ఫ్లారిడాలో 1986లోనే లీకులు బయటపెట్టినవాళ్లకు ప్రభుత్వమే శుభ్రం చేయించే పథకం పెట్టారు. వేలల్లో దరఖాస్తులు వచ్చాయి. తర్వాత ముందు పనిచేసి తర్వాత బిల్లు పెట్టుకునే పద్ధతి నడిచింది. బిల్లులు కొండలా పేరుకుపోయి, వందల మిలియన్ల డాలర్ల బకాయిలు తేలాయి. 1995లో ఆ పద్ధతికి కళ్లెం వేసి, ముందు అనుమతి ఉంటేనే పని అన్నారు. ఎంతకైనా చెల్లిస్తామంటే ఖర్చు ఎంతకైనా పెరుగుతుందని ఆ అనుభవంతో అందరికీ తెలిసొచ్చింది.

మరో రకం గడుసుదనం పెద్దవాళ్లది. కొన్ని పెద్ద ఆయిల్ కంపెనీలు ఒకే లీకుకు అటు తమ బీమా నుంచీ, ఇటు రాష్ట్ర నిధి నుంచీ రెండుసార్లు డబ్బు తీసుకున్నాయని యూటా వంటి రాష్ట్రాలు దావాలు వేశాయి. అలాంటివి బయటపడ్డాక ఆఫీసులో కూర్చున్న మనిషి ప్రతి బిల్లునూ అనుమానంగానే చూస్తాడు. ఆ చూపు పడేది మాత్రం కంపెనీ లాయరు మీద కాదు, ఒక్క బంకున్న చిన్నవాడి మీద.

హుండీ ఖాళీ

అన్నీ సవ్యంగా ఉన్నా డబ్బు రాని సందర్భాలూ ఉన్నాయి. మిషిగన్ కథ అలాంటిదే. గాలనుకు సెంటులో ఎనిమిదింట ఏడు వంతులు వసూలు చేసి ఆ రాష్ట్రం నిధి పెట్టింది. క్లెయిములు రుసుమును మించిపోయాయి. 1995 జూన్ చివర్లో కొత్త క్లెయిములు తీసుకోవడం ఆపేశారు. రుసుము మాత్రం ఆగలేదు! పాత అప్పులు తీర్చాలి కదా. నిన్నటిదాకా ‘మీకు నిధి ఉంది’ అన్నవాళ్లు ‘బాధ్యత మీదే, డబ్బూ మీదే’ అన్నారు. అక్కడ మళ్లీ అలాంటి ఏర్పాటుకు చట్టం వచ్చింది 2014లో. మధ్యలో దాదాపు ఇరవై ఏళ్లు.

కాలిఫోర్నియాలో 2009లో నిధికి నగదు కటకట వచ్చింది. చెల్లిస్తామని హామీ పత్రం ఇచ్చిన క్లెయిములకూ చెల్లింపులు నిలిచాయి. అక్కడ వరసలో ఎవరు ముందన్నది కూడా ఒక పద్ధతి ప్రకారం ఉంటుంది. ఇంట్లో ట్యాంకున్న మామూలు మనుషులు మొదట, చిన్న వ్యాపారులు తర్వాత, ఆ తర్వాత మధ్యస్థులు, చివరన పెద్ద కంపెనీలు. మంచి పద్ధతే. కానీ హుండీలో డబ్బు లేనప్పుడు వరసలో ముందున్నా ఒకటే, వెనకున్నా ఒకటే.

ఇంకా చిత్రం, నిధిలో డబ్బున్నప్పుడు దాని మీద వేరేవాళ్ల కన్ను పడుతుంది. పెన్సిల్వేనియా ప్రభుత్వం 2002లో ఈ నిధి నుంచి పది కోట్ల డాలర్లు తన సాధారణ ఖర్చులకు అప్పుగా తీసుకుంది. కేంద్రమూ తక్కువ తినలేదు. గాలనుకు సెంటులో పదోవంతు చొప్పున 1987 నుంచి పోగుచేస్తున్న లీకుల నిధి నుంచి 2012లో ఏకంగా 240 కోట్ల డాలర్లు రోడ్ల నిధికి మళ్లించింది. అప్పటికింకా వేల చోట్ల నేల బాగుపడక, బిల్లులు తేలక ఎదురుచూపులే. పిల్ల పెళ్లికి దాచిన డబ్బుతో వీధి అరుగు కట్టించినట్టుంది ఇది.

మధ్యలో పక్కింటివాళ్లు

నిధి, యజమాని, బీమా... ఈ ముగ్గురి మధ్య ఉత్తరాలు నడుస్తుంటే నేల కింద పెట్రోలు ఆగదు. నెలకు కొన్ని అడుగులు జరుగుతూనే ఉంటుంది. సొంత బోరు మీద ఆధారపడ్డ ఇంట్లో సీసా నీళ్లతో వంట, సీసా నీళ్లతో పిల్లలకు పాలు. వాళ్లకు లీకు ఎప్పటిదైతే ఏం, బిల్లు ఎవరు కడితే ఏం? డబ్బు తిరిగొస్తుందన్న నమ్మకం ఉన్న యజమాని కంపు వచ్చిన రోజే ఫోను చేస్తాడు. ఆ నమ్మకం లేనివాడు కిక్కురుమనడు. నిధి ఆఫీసులో పడ్డ ప్రతి అన్యాయపు కోతకూ అసలు మూల్యం ఇక్కడ పడుతుంది. ఇది ఖాతా పుస్తకాల్లో ఎక్కదు.

అయినా పని జరగలేదని చెప్పలేం. ఇప్పటివరకు నమోదైన లీకులు 5 లక్షల 60 వేలకు పైనే. వాటిలో తొంభై శాతం దాకా శుభ్రం చేయడం పూర్తయింది. మిగిలినవి యాభై వేలకు పైగా ఉన్నాయి. మిగిలినవే కష్టమైనవి. యజమాని దివాలా తీసినవి, చేతులు మారినవి, నీళ్ల లోతుకు చేరినవి, ఏళ్లుగా ఫైలు నలుగుతున్నవి.

మన దగ్గర బంకుల ట్యాంకులు చాలావరకు ఆయిల్ కంపెనీలవే, డీలరు నడిపేవాడు మాత్రమే. గాలను లెక్కన పోగుచేసే నిధులు ఇక్కడ లేవు. 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొత్త బంకులకు మార్గదర్శకాలిచ్చింది. బడులు, ఆసుపత్రులు, ఇళ్ల నుంచి యాభై మీటర్ల దూరం ఉండాలన్నారు. బంకు పక్కన బోరున్న ఇళ్లు మన పట్టణాల్లో ఎన్నో లెక్కపెట్టడం మొదలుపెడితే, అమెరికా గొడవ మనకెందుకులే అన్న మాట అంత తేలిగ్గా నోట రాదు.

అమెరికాలో ఇప్పుడు బంకు కొనేవాళ్లు తెలివి మీరారు. కొనే ముందు స్థలం చరిత్ర కాగితాలు చూపించమంటారు. బ్యాంకూ అప్పుకు ముందు అదే అడుగుతుంది. ఏదైనా అనుమానం ఉంటే మట్టి తవ్వి నమూనా తీయిస్తారు. అప్పటి పరిస్థితి అప్పటికి రాతలో ఉంటుంది, రేపు ఎవరి లీకు అని అడిగితే చూపించడానికి. అమ్మేవాళ్ల దగ్గర కొంత సొమ్ము మూడో మనిషి చేతిలో పెట్టిస్తారు. బీమా పాలసీలో ఏ తేదీ నుంచి వర్తిస్తుందో, ముందే తెలిసిన లీకుల్ని మినహాయించారో లేదో చదివించుకుంటారు. ట్యాంకు పరీక్షల రసీదులు, నెలవారీ లీకు లెక్కలు, రుసుము కట్టిన చెక్కుల నకళ్లు అన్నీ ఒక అట్టపెట్టెలో ఉంటాయి. బంకు చేతులు మారిన రోజున తాళంచెవులతో పాటు ఆ పెట్టెనూ లెక్కచూసుకుని తీసుకుంటారు.